పాత యింటికి కొత్త చలువ

రోహిణి కార్తె ఎండలకు రోళ్ళు పగులునని తెలుగువారి సామెత. ఆ సామెత పుట్టిన నాటికి రోలు ఇంటి ముంగిట నుండెడిది. మనిషి ఇంటి లోపల నుండెడివాడు. బయట రోలు పగిలినను, పెంకుల క్రిందనో తాటాకుల క్రిందనో మందపాటి మట్టి మిద్దె క్రిందనో అతడు ఒక జాము కన్ను మూయగలిగెడివాడు. నేటి పట్టణములలో ఆ వరుస తలక్రిందైనది. రోళ్ళు కనుమరుగైనవి, ఎండ వచ్చి ఇంటి నడినెత్తిన కూర్చున్నది. నాలుగైదు అంగుళముల కాంక్రీటు కప్పు పగలెల్ల ఎండను త్రాగి, ప్రొద్దు క్రుంకిన పిదప దానిని మంచముపై పండుకొన్నవారి మీద కుమ్మరించుచున్నది. కప్పు చల్లబడునప్పటికి తెల్లవారును. తెల్లవారినదో లేదో మరల ఎండ మొదలగును.

ఈ వేడికి గృహస్థుడు రెండు విధముల మూల్యము చెల్లించుచున్నాడు. మొదటిది విద్యుత్తు బిల్లు. పంకాలు, కూలర్లు, ఏ.సి. యంత్రములు రేయింబవళ్ళు తిరిగి, కప్పు లోనికి పంపిన సెగతో పెనుగులాడుచుండును. రెండవది శరీరము చెల్లించు మూల్యము. రాత్రి నిద్ర చాలని కూలివాడు మరునాడు ఎండలో పనికి పోయినపుడు, వృద్ధులును పసిపిల్లలును రేకుల ఇంటిలో మధ్యాహ్నము గడుపవలసి వచ్చినపుడు, ఆ మూల్యము ఒక్కొక్కమారు ప్రాణమే యగును. 2015 మే నెలలో వీచిన వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో కలిపి వేయిమందికి పైగా మరణించిరి. వడదెబ్బ యనగానే పొలములో పడిపోయిన మనిషి మనసున మెదలును. కాని రాత్రియు చల్లబడని ఇల్లు శరీరమునకు తేరుకొను వ్యవధి నీయదు. పగటి దెబ్బను మాన్పవలసిన ఇల్లే రెండవ దెబ్బ కొట్టును. కావున ఇంటిలో విద్యుత్తు పొదుపు అనునది నెలకు నాలుగు రూపాయలు మిగుల్చుకొను లౌక్యముతో ముగియు విషయము కాదు. ఇల్లు మనిషికి ఆశ్రయముగా ఉండునా, ఉండదా అను ప్రశ్న అందులో ఇమిడియున్నది.

కట్టబోవు ఇండ్లు, కట్టిన ఇండ్లు

కొత్తగా కట్టు భవనముల విషయమున ప్రభుత్వము కొంత ఆలోచించినది. 2001లో పార్లమెంటు ఇంధన సంరక్షణ చట్టమును చేసినది. దానిని అమలు జరుపుటకు 2002లో బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ ఏర్పడినది. 2007లో పెద్ద వాణిజ్య భవనములకును, 2018 డిసెంబరులో ఎకో నివాస్ సంహిత అను పేర నివాస గృహములకును నిర్మాణ నియమావళులు వెలువడినవి. గోడ ఎంత వేడిని లోనికి రానీయవచ్చును, గాలి ఏ దారిన ఆడవలెను, పగటి వెలుతురు ఎంత లోనికి చేరవలెను అను విషయములను ఈ నివాస నియమావళి నిర్దేశించును.

ఇది మెచ్చదగినదే. అయినను ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. సామాన్య గృహస్థుడు జన్మలో ఒకమారు ఇల్లు కట్టును. కట్టిన ఇల్లు యాభై, అరువది ఏండ్లు నిలుచును. అప్పుతీర్చుటకే సగము ఆయువు పట్టును. నిన్న లేచిన గోడ రేపటి చట్టమునకు లోబడదు. దానిని పడగొట్టి మరల కట్టుమని ఎవరును చెప్పజాలరు. రాబోవు పాతిక ముప్పది వేసవులను తెలుగు కుటుంబములు పెక్కు ఇప్పుడున్న ఇండ్లలోనే గడుపవలసియున్నది. కట్టబోవు ఇంటికి శాస్త్రము గలదు. కట్టిన ఇంటికి గృహస్థుని వివేకమును, ఇరుగుపొరుగుల ఒరవడియును, ప్రభుత్వపు ప్రోత్సాహమును మాత్రమే దిక్కు.

పెంకు నుండి స్లాబునకు

తెలుగునాట ఇండ్ల రీతులు ఆయా ప్రాంతముల గాలినీటిని బట్టి ఏర్పడినవి. ఉత్తర కోస్తాలో గాలివానకు ఒరిగిపోని చుట్టుగుడిసెలు, కృష్ణా గోదావరీ మండలములలో నడుమ ఆకాశము కనబడు మండువా లోగిళ్ళు, రాయలసీమలో దూలములపై బండలు పరచి చవుడు మన్ను కప్పిన మిద్దెలు, పలుతావుల పెంకుటిండ్లు — ఇవన్నియు ఎండతో ఎట్లు మెలగవలెనో తలముల అనుభవముచే తెలిసికొన్న కట్టడములు. మండువా నుండి వేడిగాలి పైకి పోవును; చుట్టు వసారాల నీడ గోడలపై ఎండ పడనీయదు. చవుడు మిద్దె మందము పగటి వేడిని లోనికి దిగనీయక జాగు చేయును. పెంకుల సందులనుండి సెగ జారిపోవును. సున్నము పూసిన గోడ ఎండను వచ్చిన దారినే త్రిప్పి పంపును.

అంతమాత్రమున పాతకాలమే మేలనుట న్యాయము కాదు. మండువా లోగిలి కొందరి భాగ్యము; పలువురకు దక్కినది పూరిపాకయే. వేసవి వచ్చినచో నిప్పురవ్వ ఎగసి ఒక పాక అంటుకొనుట, గాలికి వాడ యంతయు బూడిద యగుట పల్లెలు ఎరిగిన సంగతి. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన వేలాది ప్రాణములను బలిగొన్నపుడు, ఎక్కి నిలువదగిన గట్టి కప్పు విలువ యెంతటిదో తీరవాసులకు తెలిసినది. తరువాతి దశాబ్దమున బలహీన వర్గములకు పక్కా ఇండ్లు కట్టించు కార్యక్రమము విస్తరించినది. స్లాబు ఇల్లు పేదవాని గౌరవమునకు గుర్తయినది. అది నిప్పుకు కాలదు, చెదకు లొంగదు, గాలికి ఎగిరిపోదు. చేత డబ్బు ఆడినపుడు పైన మరియొక గది వేసికొనవచ్చును. ఇన్ని సుగుణములుగల స్లాబునకు ఎండను నిలువరింపజాలమి యొక్కటే పెద్ద లోపము. ఆ లోపమును దిద్దుకొనుట మేలుగాని, స్లాబును నిందించి పూరింటిని కీర్తించుట మేలు కాదు. పూరింటిని కీర్తించువారిలో దానియందు కాపురముండువారు బహు తక్కువ.

కప్పు మీది లెక్క

నడివేసవి మిట్టమధ్యాహ్నమున చదరపు మీటరు చోటుపై పడు ఎండబలము ఇంచుమించు ఒక కిలోవాటు. 100 చదరపు మీటర్లు, అనగా దాదాపు 120 చదరపు గజముల డాబాపై 100 కిలోవాట్లు పడును. 100 వాట్ల దీపములు వేయింటిని ఒక్కసారి వెలిగించి కప్పుపై బోర్లించినట్లు ఊహించుకొనవచ్చును. పాతబడి నల్లబారిన సిమెంటు కప్పు ఇందులో సగమునకు మించి పీల్చుకొనును. కొత్తగా తెల్లసున్నము పూసిన కప్పు కొద్ది భాగమును మాత్రమే పీల్చుకొని, మిగిలినదానిని ఆకాశమునకు త్రిప్పి పంపును. పీల్చిన వేడియంతయు ఇంటిలోనికి దిగదు. కొంత గాలికి పోవును. దిగిన భాగమే గదిని కొలిమి చేయుటకు చాలును. కాంక్రీటు వేడిని మెల్లమెల్లగా లోనికి దింపును గనుక, మధ్యాహ్నపు ఎండ లోపలి ముఖమును చేరునప్పటికి సాయంకాల మగును. దీపములు పెట్టినవేళ ఇల్లు అన్నిటికంటె ఎక్కువగా ఉడికిపోవుటకు కారణ మిదియే.

దీనికి విరుగుడుగా యంత్రములు వచ్చినవి. పంకా గాలిని చల్లబరచదు. చెమటను ఆర్చి ఒంటికి చలువ నిచ్చును. గదిలోని గాలి శరీరపు వేడిని మించినపుడు దాని మేలు సన్నగిల్లును. నీటి కూలరు రాయలసీమ, తెలంగాణముల పొడిగాలిలో చక్కగా పనిచేయును. తీరప్రాంతపు ఉక్కలో దానికి అంతటి బలము లేదు. ఏ.సి. యంత్రము ఎచ్చటనైనను పనిచేయును. కాని అది లోపలి వేడిని వీధిలోనికి, పొరుగువాని కిటికీ వైపునకు విసరును. ఒకరి చలువ మరియొకరికి సెగ యగును. ఆ యంత్రము త్రిప్పు విద్యుత్తులో అధిక భాగము రామగుండములోనో కొత్తగూడెములోనో ఇబ్రహీంపట్నములోనో బొగ్గు మండించి తీసినది. అట్లు తీసిన ఒక్కొక్క యూనిటు వెనుక అరకిలోకు మించిన బొగ్గు కాలును. కప్పును సరిదిద్దుకొనక యంత్రమును పెంచుకొనుట, చిల్లు పూడ్చక కుండలో నీరు పోయుచుండుట వంటిది.

చేయదగిన పనులు

పాత ఇంటిని చల్లబరచు పనులలో కొన్నిటికి కాసు ఖర్చు లేదు. పగలు బయటి గాలి లోపలి గాలికంటె వేడిగా ఉన్నంతసేపు కిటికీలు మూసియుంచి, ప్రొద్దుపోయిన పిదప ఎదురెదురుగా తెరచినచో రాత్రి గాలి గోడలలోని సెగను కడిగివేయును. పడమటి కిటికీకి లోపల తెర కట్టుటకంటె వెలుపల తడిక కట్టుట మేలు. అద్దము దాటి లోనికి వచ్చిన ఎండ వచ్చినదే. వట్టివేళ్ల తడికలపై నీరు చల్లు అలవాటు పొడిగాలి వీచుచోట్ల నేటికిని పనికివచ్చును. పడమటి గోడను అంటి ఒక పాదు తీగ ప్రాకినను, పెరట ఒక వేపచెట్టు ఎదిగినను అది జీతము లేని సేవకుడు.

తరువాత కప్పు. డాబాను కడిగి, పగుళ్ళు పూడ్చి, తగిన జిగురు కలిపిన సున్నమును రెండు మూడు పూతలు పూయుట అన్నిటికంటె చవుక. వాలు సరిచేసి తెల్లని పింగాణి పెంకుల ముక్కలు అతికించుట, ఎండను త్రిప్పికొట్టు ప్రత్యేకపు రంగులు పూయుట అంతకు మించిన ఖర్చుగలవి, మన్నికగలవి. మట్టికుండలు బోర్లించి వాని నడుమ గచ్చు పోయు పద్ధతియు దేశమున ఉన్నదే. కుండలోని గాలి వేడిని దిగనీయదు. అయితే కప్పుపై బరువు పెరుగును గనుక ఇంజనీరు నడుగక దానికి పూనుకొనరాదు. డాబాపై తాటాకు పందిరి వేసినను మేలే. సూర్యఫలకములు అమర్చుకొన్న చోట అవి విద్యుత్తు నిచ్చుటయే గాక నీడను గూడ ఇచ్చును. రేకుల ఇంటివారు మరింత జాగ్రత్త వహింపవలెను. పాత ఆస్బెస్టాసు రేకులను గీకుట, రంధ్రములు పొడుచుట వలన లేచు ధూళి ఊపిరితిత్తులకు హాని చేయును. వానిని తడిపి మెల్లగా కడిగి పైన తెల్లపూత వేయుటతో తృప్తిపడవలెను.

ఈ పూతల ఫలము ఊహామాత్రము కాదు. 2017లో హైదరాబాదు నగరమున అల్పాదాయ వర్గముల ఇండ్లు కొన్నింటి కప్పులపై తెల్లని పొర పరచి పరిశీలించినపుడు, లోపలి గాలి సగటున 2 డిగ్రీలు చల్లబడినట్లు తేలినది. రెండు డిగ్రీలే కదా యని తోచవచ్చును. జ్వరము వచ్చిన మనిషికిని రాని మనిషికిని నడుమ భేదము దాదాపు అంతే.

దీనికి గల పరిమితిని దాచరాదు. తెలుపు ఎల్లకాలము తెలుపుగా ఉండదు. దుమ్ము, పొగ, నాచు చేరి ఒకటి రెండేండ్లలో సున్నపుపూత మాసిపోవును. ఏటేట వేసవికి ముందు దానిని పునరుద్ధరింపవలెను. ఇది తెలుగువారికి కొత్త పని కాదు. సంక్రాంతికో ఉగాదికో ఇంటికి వెల్లవేయు ఆచారము ఉండనేయున్నది. గోడలకు వెల్ల వేసిన నిచ్చెన మరి నాలుగు మెట్లు పైకి ఎక్కవలె నంతే.

ఇక లోపలి పరికరములు. పాతరకపు పంకా సుమారు 75 వాట్లు తీసికొనును, బి.ఎల్.డి.సి. మోటారుగల కొత్తరకపు పంకా 30 వాట్లతోనే అంత గాలి నిచ్చును. దినమునకు 12 గంటల చొప్పున లెక్కించినచో పాతది 0.90 యూనిటు, కొత్తది 0.36 యూనిటు వాడును. మూడు పంకాలున్న ఇంటిలో నెలకు 48 యూనిట్లకు పైగా మిగులును. ఏడాదిలో 300 దినములు తిరిగినదనుకొన్నచో ఒక్క పంకా మీద 162 యూనిట్లు. యూనిటు 5 రూపాయల చొప్పున 810 రూపాయలు. ఏ.సి. ఉన్నవారు దానిని 20 డిగ్రీల నుండి పైకి జరుపు ఒక్కొక్క డిగ్రీకి సుమారు నూటికి 6 వంతుల విద్యుత్తు మిగులునని ప్రభుత్వ సంస్థ అంచనా. 24, 25 డిగ్రీల వద్ద నిలిపి పంకా తోడు చేసికొన్నచో సుఖమునకు లోటు రాదు. తలుపు సందులు బిగించినచో ఆ చలువ వీధి పాలు కాదు.

బల్బు చెప్పిన పాఠము

ఇన్ని మేళ్ళుండగా జను లేల పూనుకొనరు అను ప్రశ్నకు జవాబు వెదకుటకు ముందు, జనులు మూకుమ్మడిగా పూనుకొన్న ఒక సందర్భమును తలచుకొనుట మంచిది. ఎల్.ఇ.డి. దీపములు మొదట ధనికుల వస్తువులు. 2014 తొలినాళ్ళలో ప్రభుత్వ సంస్థ టోకున కొన్న ధరయే ఒక్కొక్కటి 310 రూపాయలు. ఆ యేడు పుదుచ్చేరిలోను, పిదప ఆంధ్రప్రదేశ్‌లో గుంటూరు మొదలైన జిల్లాలలోను పాత బల్బులు తీసికొని 10 రూపాయలకే కొత్త దీపము లిచ్చు పథకము నడచినది. 2015 జనవరి 5న అది దేశమంతట మొదలైనది. పిదప దానికి ఉజాల అను పేరు వచ్చినది. కోట్ల సంఖ్యలో ఒక్కసారి కొనుటవలన 2016 నాటికి టోకుధర 38 రూపాయలకు దిగినది. ఆ పథకము క్రింద పంచిన దీపములు 36 కోట్లకు మించినవి. కొనలేనివారు నెలకు 10 రూపాయల చొప్పున విద్యుత్తు బిల్లుతో పాటు చెల్లించు వెసులుబాటును కల్పించిరి. 60 వాట్ల గాజుబుడ్డి ఇచ్చు వెలుతురును 9 వాట్ల దీపము ఇచ్చుచుండగా, పూరిపాకలో గూడ పాతబుడ్డి మూలపడినది.

ఇందులో మూడు పాఠములు గలవు. వస్తువు చవుక కావలెను. మొదటి పెట్టుబడి భారము ఒక్కసారిగా పడరాదు. కొనుటకు పడు శ్రమ పాలకేంద్రమునకు పోయివచ్చునంత తేలికగా ఉండవలెను. ఈ మూడవది మరచినచో ఏమగునో బ్రిటను అనుభవము చెప్పును. అక్కడ 2013లో గ్రీన్ డీల్ అను పథకమున ఇండ్లను బాగుచేసికొనుటకు అప్పిచ్చి, మిగిలిన విద్యుత్తు సొమ్ములోనుండి బిల్లుద్వారా తీర్చుకొనుమనిరి. యోచన చక్కనిది. వడ్డీ హెచ్చు, పత్రములు పెక్కు, పరీక్షలు పలుమారు. ఋణము తీసికొన్న కుటుంబములు 20,000 నైనను దాటలేదు. 2015లో ప్రభుత్వము దానికి ధనమిచ్చుట మానుకొన్నది. పొదుపు మంచిదని ఎవరికైనను తెలియును. తెలిసినది చేయుటకు దారి నున్నగా ఉండవలెను.

దీపమునకును ఇంటికప్పునకును ఒక పెద్ద భేదము గలదు. దీపము అద్దెకున్నవాడు కొని, ఇల్లు మారునపుడు వెంట తీసికొనిపోవును. కప్పు ఇంటి యజమానిది. కప్పుక్రింది వేడి అద్దెకున్నవానిది. యజమాని సున్నము వేయించినచో బిల్లు తగ్గునది అద్దెకున్నవానికి. అద్దెకున్నవాడు వేయించినచో, మరుసటి యేడు ఇల్లు ఖాళీ చేయవలసివచ్చిన ఆ సొమ్ము యజమానికి దానము చేసినట్లే. ఇద్దరిలో ఎవరును తెలివితక్కువవారు కారు. ఇద్దరి లెక్కయు సరియైనదే. అయినను పని జరుగదు. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్టణముల పై అంతస్తు గదులలో అద్దెకు తలదాచుకొను విద్యార్థులు, చిరుద్యోగులు, కూలివారు ఈ లెక్కనడుమ నలుగుచున్నారు. పై అంతస్తున అద్దె తక్కువ. ఏలన సెగ యెక్కువ.

ప్రోత్సాహము ఎట్లుండవలెను?

తెలంగాణ ప్రభుత్వము 2023 ఏప్రిలులో చలువకప్పుల విధానమును ప్రకటించినది. ఐదేండ్లలో రాష్ట్రమంతట 300 చదరపు కిలోమీటర్ల మేర కప్పులను చలువకప్పులుగా మార్చుట దాని లక్ష్యము. అందులో 200 చదరపు కిలోమీటర్లు హైదరాబాదు నగరమునవే. ప్రభుత్వ భవనములకును, వాణిజ్య భవనములకును, ప్రభుత్వము కట్టించు పేదల ఇండ్లకును, 600 చదరపు గజములు మొదలు అంతకు మించిన స్థలములలోని నివాసములకును దీనిని తప్పనిసరి చేసిరి. అంతకు చిన్న స్థలములలోని ఇండ్లకు ఐచ్ఛికము. ఈ విషయమున ముందడుగు వేసినందులకు ఆ విధానము గౌరవార్హము. అయినను ఆలోచింపవలసిన దొకటి గలదు. 600 గజముల స్థలముగల ఇంటికి చెట్లనీడ యుండును, యంత్రము లుండును. సెగ నిజముగా కాల్చునది 60, 80 గజములలోని రేకుల ఇంటిని. విధింపుతో ఆ ఇంటిని బాధింపకుండుట న్యాయమే. కాని విధింపు లేనిచోట సాయము ఉండవలెను. విధింపును సాయమును రెండును లేనియెడల ఐచ్ఛికమను మాటకు అర్థము, వారి వేడి వారిదే యని.

సాయమునకు ధనమెక్కడిది అని అడుగవచ్చును. ధనము లేకపోలేదు, అది విద్యుత్తును పుట్టించు వైపునకు ప్రవహించుచున్నది. 2024 ఫిబ్రవరిలో ప్రారంభమైన పి.ఎం. సూర్యఘర్ పథకము క్రింద 3 కిలోవాట్ల సూర్యఫలకములు పెట్టుకొను గృహస్థునకు కేంద్రము 78,000 రూపాయల వరకు ఇచ్చుట నిర్ణయమైనది. అది మంచి పథకమే. ఐతే దానికి సొంత డాబా యుండవలెను; సాయము పోగా మిగిలిన సొమ్ము చేతిలో నుండవలెను. పుట్టించిన యూనిటుకు ఇంత బహుమానమున్నపుడు, మిగిల్చిన యూనిటుకు అందులో పదవవంతైనను ఉండుట న్యాయము. మిగిల్చిన యూనిటు పుట్టించిన యూనిటు కంటె దేనిలోను తీసిపోదు. దానికి తీగలు అక్కరలేదు, దారిలో నష్టము లేదు.

ఉచిత విద్యుత్తు విషయమును ఇట్లే పరిశీలింపవచ్చును. తెలంగాణలో 2024లో మొదలైన గృహజ్యోతి పథకమున నెలకు 200 యూనిట్ల వరకు వాడు అర్హ కుటుంబములకు బిల్లు లేదు. 200 దాటినచో మొత్తము బిల్లు మీద పడును. బిల్లే లేనివారికి పొదుపు ఎందులకని కొందరి వాదము. కాని వేసవిలో 230 యూనిట్లకు ఎగబ్రాకు కుటుంబమునకు మూడు మంచి పంకాలు మిగిల్చు 48 యూనిట్లే ఆ గీతను దాటకుండ కాపాడును. ఇక ఎన్నడును గీత దాటని కుటుంబము మిగిల్చిన ప్రతి యూనిటు ధరయు, ఆ సొమ్మును విద్యుత్తు సంస్థకు చెల్లించు ప్రభుత్వ ఖజానాకే మిగులును. లాభము ఖజానాదైనపుడు పంకా ధరలో, సున్నపు ఖర్చులో భాగము పంచుకొనుట ఖజానాకు దయాధర్మము కాదు, గిట్టుబాటు వ్యాపారము.

మార్గములు తెలుగునాట సిద్ధముగనే యున్నవి. ఉజాల దీపములవలె పంకాలను, తెల్లరంగును టోకున కొని చవుకగా పంచవచ్చును. డ్వాక్రా సంఘములు చిన్న అప్పుల లావాదేవీలలో చేయితిరిగినవి. కప్పుపూతకు కావలసిన కొలది వేల రూపాయలు వారి పుస్తకములలో పెద్ద అంకె కాదు. కప్పును చల్లబరచిన యజమానికి పురపాలక సంఘము ఇంటిపన్నులో కొంత తగ్గించినచో, అద్దెకున్నవాని మేలు యజమానికిని మేలగును. మేస్త్రీలకు, రంగులు వేయువారికి పూతపాళ్ళు నేర్పినచో వేసవికి ముందరి నెలలలో వారికి పని దొరకును. నక్షత్రపు గుర్తులు చూచి ఫ్రిజ్ కొను అలవాటు 2006 నుండి క్రమముగా వచ్చినది. 2023 జనవరి నుండి పంకాలకు గూడ ఆ గుర్తు తప్పనిసరియైనది. పంకాకు నక్షత్రము లున్నపుడు పంకా వ్రేలాడు కప్పునకు ఏవిధమైన గుర్తును లేకుండుట వింత. అద్దెకు ఇల్లు చూచువాడు నీటి వసతి నడుగును, కుళాయి త్రిప్పి చూచును. కప్పునకు సున్నము వేయించినారా యని అడుగు రోజు రావలెను.

మిగిలినది ఎటు పోవును?

ఇంధనపు పొదుపు చివరకు పొదుపు కాదను వాదము ఒకటి పాతదే గలదు. 1865లో ఇంగ్లండున జెవన్సు అను ఆర్థికవేత్త బొగ్గు సమస్యపై వ్రాసిన గ్రంథమున, ఆవిరియంత్రము తక్కువ బొగ్గుతో నడచినకొలది దేశమున బొగ్గు వాడకము పెరుగుచున్నదేగాని తగ్గుట లేదని చూపెను. ఇంటి విషయమునను అట్టిది కొంత జరుగును. బిల్లు తగ్గిన కుటుంబము పంకాను మరికొంతసేపు తిప్పుకొనును. సంపన్నుని ఇంట ఇది వృథాయే కావచ్చును. కాని బిల్లుకు జడిసి నడిరేయి పంకా కట్టివేసి, విసనకఱ్ఱతో బిడ్డకు విసరుచు కూర్చున్న తల్లి ఆ పంకాను తెల్లవారువరకు తిరుగనిచ్చినచో, దానిని లెక్కలో నష్టమని వ్రాయరాదు. పొదుపునకు ప్రయోజనము యూనిట్లు తగ్గుట ఒక్కటే కాదు. అదే యూనిటుతో ఎక్కువ నిద్ర, ఎక్కువ ఆరోగ్యము దక్కుటయు ప్రయోజనమే.

దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకొనవలెనని పెద్దలు చెప్పిన మాటలో దీపమునకు ఎంత ప్రాధాన్య మున్నదో ఇంటికిని అంత యున్నది. దశాబ్దములుగా ప్రభుత్వములు దీపమును ఇంటింటికి చేర్చుటలో కృషిచేసినవి. ఆ పని చాలవరకు నెరవేరినది. చక్కబెట్టుకొను పని మిగిలినది. అది పెద్ద ఆనకట్ట కట్టుటవంటిది కాదు. శంకుస్థాపనలు, శిలాఫలకములు దానికి నప్పవు. మాఘమాసము ముగియునప్పటికి ఒక బస్తా సున్నము, ఒక కుంచె, ఒక నిచ్చెన, ఒక పూట శ్రమ చాలును. రాబోవు రోహిణి కార్తెకు ఇంకను వ్యవధి యున్నప్పుడే ఆ నిచ్చెన గోడకు ఆన్చవలెను.